ఫ్యూయల్ పంపు పోయిందంటే నమ్మే ముందు: డీజిల్ పికప్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు డీజిల్ పికప్ బండ్ల ఫ్యూయల్ పంపు గురించే. జవాబులకు ముందు ఒక మాట. డీజిల్ బండిలో పంపు అంటే ఒకటి కాదు. ట్యాంకులోని డీజిల్‌ను ఫిల్టర్ మీదుగా ఇంజన్ దాకా తెచ్చేది ఫీడ్ పంపు. దీన్నే లిఫ్ట్ పంపు అనీ అంటారు. కొన్ని బండ్లలో ఇది ట్యాంకు లోపల కరెంటు మోటారుతో తిరుగుతూ డీజిల్‌ను ముందుకు తోస్తుంది. కొన్నింటిలో హై ప్రెషర్ పంపు వెనకే అతికి ఉండి ట్యాంకు నుంచి పీలుస్తుంది. ఇలా వచ్చిన డీజిల్‌ను వందల బార్‌ల నుంచి రెండు వేల బార్‌ల దాకా (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్ అంత) నొక్కేది హై ప్రెషర్ పంపు. కామన్ రైల్ ఇంజన్లలో ఆ డీజిల్ ముందు ఇంజెక్టర్లన్నిటికీ ఉమ్మడిగా ఉండే ఒక గట్టి గొట్టంలో చేరుతుంది, దాన్నే రైల్ అంటారు. అక్కడి నుంచి సిలిండర్లలోకి చిమ్మేవి ఇంజెక్టర్లు. మీ బండిలో ఉన్నది తోసే రకమా, పీల్చే రకమా అన్నది ముందు తెలుసుకోండి. పరీక్ష పద్ధతి దాన్ని బట్టే మారుతుంది.

ప్రశ్న: మాది కామన్ రైల్ ఇంజన్ ఉన్న పికప్. సెల్ఫ్ కొడితే బాగానే తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవడం లేదు. హై ప్రెషర్ పంపు పోయింది, మార్చాలంటున్నారు. నిజంగా పంపే పోయిందని ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఆ పంపును ఆఖరున అనుమానించండి. మార్చడానికి అన్నిటికన్నా ఖర్చయ్యేది అదే. తీరా మార్చాక కూడా బండి స్టార్ట్ కాని సందర్భాలు చాలానే ఉంటాయి.

ఒక మనిషిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టి సెల్ఫ్ కొట్టండి. తెల్లటి పొగ వస్తుంటే సిలిండర్లలోకి డీజిల్ వెళ్తోంది, మండడం లేదు. అప్పుడు గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ అందుకునేందుకు సిలిండర్లను వేడి చేసేవి), కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే బలం) వైపు చూడాలి. పొగ జాడే లేదంటే ఇంజెక్టర్లు తెరుచుకోవడం లేదు, లేదా వాటి దాకా డీజిల్ రావడం లేదు. సెల్ఫ్‌ను ఒక్కోసారి 10, 15 సెకన్లకు మించి కొట్టకండి. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆపండి. లేదంటే పంపు సంగతి తేలకముందే స్టార్టర్ మోటారు కాలుతుంది.

తర్వాత స్కానర్ (బండి కంప్యూటర్‌కు తగిలించి అంకెలు, కోడ్‌లు చదివే పరికరం) పెట్టి మూడు అంకెలు చూడండి: ఇంజన్ తిరిగే వేగం, బ్యాటరీ వోల్టేజీ, రైల్ ప్రెషర్. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్ నిమిషానికి సుమారు 200 చుట్లయినా తిరగాలి. బ్యాటరీ బలహీనమై 120 దగ్గర ఈడుస్తుంటే పంపు ఎంత మంచిదైనా ప్రెషర్ కట్టదు. చెవికి "బాగానే తిరుగుతోంది" అనిపించడం చాలదు, అంకె చూడాలి. ఇక రైల్ ప్రెషర్. చాలా కామన్ రైల్ ఇంజన్లలో కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవాలంటే రైల్‌లో 150 నుంచి 250 బార్ చేరాలి. మీ ఇంజన్‌కు సరైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ప్రెషర్ అంత చేరుతున్నా ఇంజన్ అందుకోవడం లేదంటే పంపుకు ఏ సంబంధమూ లేదు. ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్, దొంగతనం కాకుండా ఇంజన్‌ను ఆపే ఇమ్మొబిలైజర్, వైరింగ్ చూడండి.

ప్రెషర్ చేరడం లేదని తేలితే, ఆ అంకె చెబుతున్న సెన్సర్‌ను నమ్మొచ్చో లేదో చూసుకోండి. రాత్రంతా నిలబడిన బండిలో ఇంజన్ తిప్పకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే స్కానర్‌లో దాదాపు సున్నా కనిపించాలి. మామూలు ఐదు వోల్టుల సెన్సర్ అయితే సిగ్నల్ వైరులో అర వోల్టు దరిదాపుల్లో ఉంటుంది. నిలబడిన ఇంజన్‌కు 90 బార్ చూపిస్తుంటే అబద్ధం చెబుతున్నది సెన్సరో, దాని వైరింగో.

సెన్సర్ బాగుంటే హై ప్రెషర్ పంపుకు చేరుతున్న డీజిల్ చూడాలి. తోసే రకమైతే ఫిల్టర్ తర్వాత గేజ్ పెట్టి ప్రెషర్ కొలవాలి. పీల్చే రకమైతే అదే చోట పీలుపును కొలిచే వ్యాక్యూమ్ గేజ్ పెట్టాలి, పైపులో గాలి బుడగలు వస్తున్నాయేమో కూడా చూడాలి. డీజిల్ చాలినంత, గాలి లేకుండా చేరుతోందని రుజువయ్యాకే ముందుకు వెళ్లండి.

ఆ తర్వాతి పరీక్షే చాలామంది చేయకుండా వదిలేసేది: ఇంజెక్టర్ల రిటర్న్. అరిగిన ఇంజెక్టర్ లోపలి నుంచి డీజిల్ రిటర్న్ పైపులోకి జారిపోతుంటే పంపు ఎంత పోసినా రైల్ నిండదు. ఇంజెక్టర్ల పైనుండే రిటర్న్ పైపులు తీసి, ఒక్కోదానికి ఒక పారదర్శక సీసా తగిలించి సెల్ఫ్ కొట్టండి. మంచి ఇంజెక్టర్ నుంచి సెల్ఫ్ మీద చుక్కలే వస్తాయి, ఒక్కోసారి అవీ రావు. ఒక సీసా మిగతావాటికి రెండు మూడింతలు నిండితే దొంగ దొరికినట్టే. అన్నీ సమానంగా, కానీ బాగా నిండితే అన్నీ అరిగాయని అర్థం. జాగ్రత్త: పీజో రకం ఇంజెక్టర్లు కొన్నింటికి రిటర్న్ వైపు 10 బార్ దాకా ఎదురు ప్రెషర్ ఉంటేనే పని. వాటి పైపులు ఇలా విప్పి పరీక్షించకూడదు, వాటికోసం ఉన్న కిట్ వాడాలి.

రైల్ చివర, ప్రెషర్ హద్దు దాటితే డీజిల్‌ను వదిలేసే లిమిటర్ వాల్వో, కరెంటుతో ప్రెషర్‌ను అదుపు చేసే కంట్రోల్ వాల్వో ఉంటుంది. దాని రిటర్న్ గొట్టం విప్పి సెల్ఫ్ కొడితే లిమిటర్ దగ్గర పొడిగా ఉండాలి. ధార వస్తుంటే లీక్ అక్కడే. కంట్రోల్ వాల్వ్ అయితే కరెంటు అందుతోందో లేదో చూశాకే తీర్పు చెప్పండి.

ఇవన్నీ దాటాక మిగిలేది పంపు వెనకుండే మీటరింగ్ వాల్వు, ఆ తర్వాత పంపు. మీటరింగ్ వాల్వు పంపులోకి ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయిస్తుంది. చాలా పంపులకు విడిగా దొరుకుతుంది. దాని కాయిల్ నిరోధం కొన్ని ఓమ్‌లే ఉంటుంది. తెగిపోయినట్టు చూపిస్తే వాల్వు మార్చండి, పంపు కాదు. చివరికి, హై ప్రెషర్‌కు తగినట్టు తయారు చేసిన మూతలతో ఇంజెక్టర్ పైపుల దారి మూసి పంపు ఒంటరిగా ప్రెషర్ కడుతుందో లేదో చూస్తారు. బోల్టులు బిగించి మూసే నాటు పద్ధతి వద్దు. ఈ పరీక్షలోనూ ప్రెషర్ కట్టకపోతే అప్పుడు పంపు పోయిందని చెప్పొచ్చు.

ప్రశ్న: ఖాళీగా ఉంటే బండి బాగుంటుంది. లోడ్‌తో ఎత్తు ఎక్కుతుంటే లాగడం మానేసి చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. స్కానర్‌లో పి-0087 వచ్చింది. ఫిల్టర్ కొత్తదే. ఇది పంపు కోడేనా?

జవాబు: కాదు. రైల్‌లో ప్రెషర్ అడిగినంత లేదని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఎందుకు లేదో చెప్పదు.

స్కానర్‌లో కంప్యూటర్ అడుగుతున్న ప్రెషర్, నిజంగా ఉన్న ప్రెషర్ రెండూ పక్కపక్కన గ్రాఫ్‌గా పెట్టి, లోడ్‌తో అదే ఎత్తు ఎక్కండి. పక్కన కూర్చున్నవారు గ్రాఫ్ చూడాలి, నడిపేవారు కాదు. అదే ప్రయాణంలో తక్కువ ప్రెషర్ లైనుకు పొడవాటి గొట్టంతో గేజ్ తగిలించి, అద్దం బయట కనిపించేలా కట్టుకోవాలి. డీజిల్ గొట్టాన్ని క్యాబిన్ లోపలికి తేకండి. రైల్ ప్రెషర్ పడిపోయే క్షణంలో గేజ్ ముల్లు కూడా పడిపోతే (పీల్చే రకంలో వ్యాక్యూమ్ పెరిగిపోతే) డీజిల్ రావడంలోనే అడ్డు ఉంది. గేజ్ కదలకుండా రైల్ ఒక్కటే పడిపోతే మీటరింగ్ వాల్వు, ఇంజెక్టర్ రిటర్న్, లిమిటర్, పంపు వైపు వెళ్లాలి. ఈ ఒక్క పరీక్ష సగం వాదనలను తేల్చేస్తుంది.

పీల్చే రకంలో ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య వ్యాక్యూమ్ చాలా ఇంజన్లలో 0.2 బార్ లోపే ఉంటుంది. 0.3 దాటుతోందంటే ఎక్కడో గొంతు నొక్కుకుపోయినట్టే. అది ఎక్కడన్నది తేలిగ్గా పట్టుకోవచ్చు. గేజ్‌ను ఫిల్టర్‌కు ముందుకు మార్చి మళ్లీ చూడండి. వ్యాక్యూమ్ తగ్గిపోతే కొత్తదైనా సరే ఫిల్టరే కారణం. తగ్గకపోతే ఫిల్టర్‌కు వెనక, అంటే పైపు నలగడం, లోపలి పొర ఊడి వాల్వులా మూసుకునే రబ్బరు గొట్టం, ట్యాంకులోని జల్లెడ. జల్లెడ మూసుకుంటే ఒక గుర్తు ఉంటుంది: బండి కొంతదూరం బాగా నడిచి ఆగిపోతుంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ ఏమీ కానట్టు స్టార్ట్ అవుతుంది. పీలుపు ఆగగానే జల్లెడకు అంటుకున్న చెత్త కిందికి రాలిపోవడమే దానికి కారణం. ట్యాంకు మూత తీసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ వెంటనే బండి బాగా లాగుతుంటే ట్యాంకుకు గాలి వెళ్లే దారి మూసుకుంది. ట్యాంకులో నీరు నిలిస్తే నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. అలాంటప్పుడు ఎన్ని ఫిల్టర్లు మార్చినా లాభం లేదు, ట్యాంకు దింపి కడగాల్సిందే.

ఇంకా అనుమానముంటే ట్యాంకునే పక్కన పెట్టండి. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, సప్లై, రిటర్న్ గొట్టాలు రెండూ అందులోనే ముంచి నిలబెట్టిన చోటే ఇంజన్‌ను రేజ్ చేసి చూడండి. వ్యాక్యూమ్ తగ్గిపోతే లోపం ట్యాంకు వైపు ఉంది. రిటర్న్ డీజిల్ వేడిగా వస్తుంది, ప్లాస్టిక్ సీసాలు వాడకండి.

ప్రశ్న: రాత్రి నిలబెడితే పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. పగలంతా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఎక్కడా కింద డీజిల్ కారడం లేదు.

జవాబు: పీల్చే రకం అయితే లైనులో గాలి చేరుతోంది. కింద మరక లేదని మోసపోకండి. పీల్చే పైపులో సందు ఉంటే ఇంజన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వెళ్తుంది. రాత్రి ఆ సందులోంచి గాలి దూరి, పైపులోని డీజిల్ అంతా ట్యాంకులోకి దిగిపోతుంది.

ఫిల్టర్‌కూ హై ప్రెషర్ పంపుకూ మధ్య ఒక జానెడు పారదర్శక డీజిల్ గొట్టం వేసి క్లిప్పులు బిగించండి. స్టార్ట్ అయ్యాక మొదటి నిమిషంలో కొన్ని బుడగలు పోవడం సహజం. ఐదు నిమిషాలు దాటినా సన్నటి నురగలాంటి బుడగలు వరుసగా పోతుంటే సందు ఉన్నట్టే. తర్వాత ఆ గొట్టాన్నే ఫిల్టర్‌కు ముందుకు మార్చండి. అక్కడ బుడగలు లేకుంటే తప్పు ఫిల్టర్ దగ్గరే: ఎక్కువసార్లు ఓ-రింగు, నీళ్లు దించే డ్రెయిన్ స్క్రూ, దాని పక్కనుండే వాటర్ సెన్సర్, పైనుండే చేతి పంపు డయాఫ్రమ్. అక్కడా బుడగలుంటే బాంజో (బోలు బోల్టుతో బిగించే పైపు జాయింటు) వాషర్లు, ప్లాస్టిక్ క్విక్ కనెక్టర్ల లోపలి సీళ్లు, క్లిప్పు కింద ఎండి పగిలిన రబ్బరు. డీజిల్ సగం ట్యాంకు కంటే తగ్గినప్పుడే ఇబ్బంది వస్తుంటే ట్యాంకు లోపలి పీలుపు గొట్టానికి పగులు ఉందేమో చూడండి. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఆ పగులు డీజిల్‌లో మునిగి ఉంటుంది కాబట్టి గాలి దూరదు.

రాగి వాషర్లు ఒకసారి విప్పితే మార్చేయండి. కొందరు లైనులో అదనంగా, డీజిల్‌ను వెనక్కి పోనివ్వని ఒక నాన్ రిటర్న్ వాల్వు పెట్టి పంపిస్తారు. పొద్దున స్టార్టింగ్ బాగుపడుతుంది, సందు మాత్రం అలాగే ఉంటుంది. ఆ గాలితోనే పగలంతా నడిచే హై ప్రెషర్ పంపుకు డీజిల్ తడి చాలక అరుగుతుంది. ఈ పద్ధతి మాకు సమ్మతం కాదు.

ప్రశ్న: పాత ఇంజన్, రోటరీ పంపు. చల్లగా ఉంటే వెంటనే స్టార్ట్ అవుతుంది. దూరం నడిచాక వేడి మీద ఆపితే అరగంట దాకా అందుకోదు.

జవాబు: రోటరీ పంపు అంటే ఒకే పంపు తిరుగుతూ ఒక్కో ఇంజెక్టర్‌కు వంతులవారీగా డీజిల్ పంపే పాత రకం. ఇది పంపు అరుగుదలకు బాగా సరిపోయే లక్షణం. వేడికి డీజిల్ పలచబడుతుంది. పంపు లోపల ప్లంజర్‌కూ హెడ్‌కూ మధ్య సందు పెరిగి ఉంటే, సెల్ఫ్ వేగానికి ఆ పలచటి డీజిల్ వెనక్కి జారిపోయి ఇంజెక్టర్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు.

పరీక్ష ఇలా చేయండి. బండి వేడి మీద స్టార్ట్ కానప్పుడు ఇంజన్ ఆపి ఉంచి, చల్లటి నీళ్లలో పిండిన గుడ్డను పంపు హెడ్ చుట్టూ, అంటే ఇంజెక్టర్ పైపులు బయల్దేరే చోట చుట్టండి. రెండు మూడుసార్లు మార్చండి. పది నిమిషాల్లో స్టార్ట్ అయితే పంపు లోపలి అరుగుదల దాదాపు ఖాయం. నీళ్లు నేరుగా కుమ్మరించకండి. లోపలి సందులు మైక్రాన్లలో ఉంటాయి, పైభాగం ఒక్కసారిగా కుంచించుకుంటే పంపు పట్టేస్తుంది. ఇంజన్ నడుస్తుండగా అసలే చేయకండి.

తీర్పు చెప్పేముందు స్టాప్ సోలనాయిడ్ (తాళం ఆఫ్ చేస్తే పంపుకు డీజిల్ ఆపే కరెంటు వాల్వు) కూడా చూడండి. ఇగ్నిషన్ ఆన్ చేసి దాని వైరు తీసి పెడితే టక్కుమని శబ్దం రావాలి, వైరులో బ్యాటరీ వోల్టేజీ ఉండాలి. వేడికి కాయిల్ తెగే సోలనాయిడ్ కూడా అచ్చం ఇలాగే ఏడిపిస్తుంది.

కామన్ రైల్ బండ్లలోనూ వేడి మీద స్టార్టింగ్ ఇబ్బంది ఉంటుంది. అక్కడ ముందుగా అనుమానించాల్సింది ఇంజెక్టర్ల రిటర్న్. మొదటి జవాబులోని సీసాల పరీక్షను వేడి మీద చేయండి.

ప్రశ్న: ఇగ్నిషన్ ఆన్ చేస్తే ట్యాంకులోంచి వచ్చే గుయ్యి శబ్దం ఇప్పుడు రావడం లేదు. ట్యాంకు పంపు మార్చేయమంటారా?

జవాబు: ముందు మల్టీమీటర్ తీయండి. చాలా బండ్లలో ఆ పంపు ఇగ్నిషన్ ఆన్ చేసిన కొన్ని సెకన్లకే ఆగిపోతుంది. కొన్నింటిలో సెల్ఫ్ కొట్టినప్పుడే తిరుగుతుంది. అందుకని ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు కొలవాలి. ఫ్యూజు, రిలే, కొన్ని బండ్లలో గుద్దుకున్నప్పుడు పంపును ఆపే ఇనర్షియా స్విచ్: ఇవి మొదట.

కనెక్టర్ పీకి కొలిస్తే 12 వోల్టులు చూపిస్తుంది, అదే కనెక్టర్ పెట్టి కొలిస్తే 8 చూపిస్తుంది. ఈ తేడా దగ్గరే చాలామంది పొరపడతారు. లోడ్ లేనప్పుడు తుప్పుపట్టిన వైరు కూడా మీటరుకు పూర్తి వోల్టేజీ ఇస్తుంది. కాబట్టి కనెక్టర్ తగిలించే ఉంచి, వెనక నుంచి సన్నటి పిన్ను గుచ్చి, పంపుకు కరెంటు వెళ్లే సమయంలో కొలవండి. బ్యాటరీ ప్లస్‌కూ పంపు ప్లస్‌కూ మధ్య తేడా అర వోల్టు దాటకూడదు. పంపు ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.2 వోల్టులు దాటకూడదు. ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు కింద బురద, తుప్పు చేరడం పికప్ బండ్లలో మామూలు. వేగాన్ని బట్టి తిప్పే కంట్రోల్ మాడ్యూల్ ఉన్న పంపులకు మాత్రం ఈ కొలత వర్తించదు, వాటికి స్కానర్‌తోనే ఆదేశం ఇచ్చి చూడాలి.

వోల్టేజీ, ఎర్త్ రెండూ సరిగ్గా ఉండి కూడా తిరగకపోతే పంపు మార్చండి. తిరుగుతున్నా అనుమానం తీరకపోతే డీజిల్ కొలిచి చూడండి. గంటకు 120 లీటర్ల పంపు నిమిషానికి రెండు లీటర్లు, అంటే 15 సెకన్లకు అర లీటరు పోయాలి. మీ పంపు గంటకు ఎంత పోయాలో మాన్యువల్‌లో చూసి ఇదే లెక్క వేసుకోండి. ప్రెషర్ బాగుండి పరిమాణం తక్కువగా ఉండే పంపులు ఐడిల్‌లో దొరకవు, లోడ్ మీదే బయటపడతాయి.

ప్రశ్న: పొరపాటున పెట్రోల్ పోశారు. కొద్దిగానే పోసింది, నడపవచ్చా?

జవాబు: వద్దు. తాళం కూడా తిప్పకండి, తిప్పితే ట్యాంకు పంపు ఆ పెట్రోల్‌ను ముందుకు తోస్తుంది. హై ప్రెషర్ పంపుకు ఇంజన్ ఆయిల్ అందని రకాలే ఎక్కువ, డీజిలే దానికి తడి. పెట్రోల్ ఆ తడిని కడిగేస్తుంది. ట్యాంకు ఖాళీ చేయించి, కొత్త డీజిల్ పోయించండి. ఇంజన్ అప్పటికే నడిచి ఉంటే లైన్లు కడిగి ఫిల్టర్ కూడా మార్చి, పాత ఫిల్టర్‌ను కింది జవాబులో చెప్పినట్టు కోసి చూడండి.

ప్రశ్న: ఫిల్టర్ విప్పితే అడుగున వెండి రంగు పొడి మెరుస్తోంది. పంపు ఒక్కటి మారిస్తే సరిపోతుందా?

జవాబు: ముందు ఆ పొడి ఎక్కడిదో తేల్చండి. ఫిల్టర్ కోసి కాగితపు మడతలు విప్పి ఎండలో చూడండి, అయస్కాంతం దగ్గరపెట్టండి. తర్వాత హై ప్రెషర్ పంపు చుట్టూ బాగా శుభ్రం చేసి మీటరింగ్ వాల్వు విప్పండి. దాని సన్నటి జల్లెడ మీద, ఆ రంధ్రంలోని డీజిల్‌లో మెరుపు కనిపిస్తే పంపు లోపలే లోహం రాపిడై రాలుతోంది. అక్కడ శుభ్రంగా ఉండి ఫిల్టర్‌లో మాత్రమే ఉంటే ట్యాంకు పంపును అనుమానించండి.

హై ప్రెషర్ పంపు నుంచే రాలుతుంటే పంపు ఒక్కటి మార్చడం దండగ. ఆ పొడి రైల్‌లోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్ ద్వారా ట్యాంకులోకి కూడా చేరి ఉంటుంది. కొత్త పంపు వేసినా అదే పొడి తిరిగొచ్చి దాన్నీ, ఇంజెక్టర్లనూ తినేస్తుంది. పంపు, ఇంజెక్టర్లు, రైల్, హై ప్రెషర్ పైపులు, ఫిల్టర్ మార్చాలి. ట్యాంకు, తక్కువ ప్రెషర్ లైన్లు, రిటర్న్ లైన్లు కడగాలి. బాధాకరమైన ఖర్చే, కానీ ఇందులో సగం పని చేస్తే మొత్తం రెండోసారి చేయాల్సి వస్తుంది.

నీళ్లు కలిసిన డీజిల్, జారుడు గుణం చాలని డీజిల్, ఫిల్టర్ మార్చాక లైనులోని గాలి (ఎయిర్) తీయకుండా తిప్పడం: పంపును ఇలా రాల్చేవి ఎక్కువగా ఇవే. డీజిల్ జారుడు గుణాన్ని రాపిడి పరీక్షలో పడే మచ్చతో కొలుస్తారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 590 ప్రకారం ఆ మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు, అమెరికా ప్రమాణం ప్రకారం 520 దాటకూడదు. మచ్చ పెద్దదైతే రాపిడి ఎక్కువన్నమాట.

ప్రశ్న: పాత ఇంజన్లలో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఎయిర్ తీసేవాళ్లం. కామన్ రైల్‌లోనూ అలా చేయవచ్చా?

జవాబు: ఇంజన్ తిరుగుతుండగా ఎప్పటికీ వద్దు. ఐడిల్‌లోనే రైల్‌లో 250, 300 బార్ ఉంటుంది. సూది మొనలాంటి సందులోంచి వచ్చే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు, ఆపరేషన్ ఆలస్యమైతే వేలు పోవచ్చు. అలా తగిలితే వెంటనే ఆస్పత్రికి వెళ్లి, డీజిల్ ప్రెషర్‌తో లోపలికి దిగిందని స్పష్టంగా చెప్పండి. లీకులు వెతకడానికి చేయి పెట్టకండి, అట్టముక్క వాడండి. పైపు విప్పాలంటే ఇంజన్ ఆపి, స్కానర్‌లో ప్రెషర్ సున్నాకు దిగిందని చూసుకుని విప్పండి.

ప్రశ్న: కొత్త పంపు బిగించాక మొదటిసారి ఎలా స్టార్ట్ చేయాలి?

జవాబు: పొడి పంపును తిప్పకండి. కొత్త ఫిల్టర్ వేసి, చేతి పంపు ఉంటే అది గట్టిపడేదాకా కొట్టండి. కరెంటు ఫీడ్ పంపు అయితే ఇగ్నిషన్ ఆన్ చేసి, పంపు ఆగాక ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేస్తూ ఐదారుసార్లు చేయండి. ఫిల్టర్‌ను ముందే నింపాలనుకుంటే మధ్య రంధ్రంలో పోయకండి. చాలా ఫిల్టర్లలో అది శుద్ధి అయిన డీజిల్ బయటికొచ్చే వైపు, అక్కడ పోసిన చెత్త నేరుగా పంపులోకి పోతుంది. పంపు రిటర్న్ గొట్టంలో బుడగలు లేని డీజిల్ కనిపించాకే సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లోనే వదిలి, జాయింట్లన్నీ టార్చి వేసి చూడండి. చాలా బండ్లలో కొత్త పంపును, మీటరింగ్ వాల్వును కంప్యూటర్‌కు స్కానర్‌తో నేర్పించాలి. అది చేయకపోతే మంచి పంపు ఉన్నా ఐడిల్ ఊగుతూ అదే పి-0087 మళ్లీ వస్తుంది.